ఘర్షణను కొలిచిన ఇంజినీరు: చార్లెస్ అగస్టిన్ కూలుంబ్

విద్యుదావేశానికి ప్రమాణం కూలుంబ్. 1881లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ సదస్సు ఆ ప్రమాణానికి ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు పెట్టింది. నాటి నుంచి ఆ పేరు వినగానే విద్యార్థులకు స్ఫురించేది విద్యుత్తే. అయితే చార్లెస్ అగస్టిన్ కూలుంబ్‌ను పారిస్ శాస్త్ర అకాడమీ సభ్యుడిగా నిలిపినది విద్యుత్ పరిశోధన కాదు. అందుకు కారణం అంతకన్నా సామాన్యంగా కనిపించే ఒక ప్రశ్న. వాలుగా ఉన్న తలంపై ఉంచిన వస్తువు ఎంతవరకు కదలక నిలుస్తుంది? ఎప్పుడు జారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో ఆయన యౌవనం కోటగోడల నడుమ, ఓడరేవుల నడుమ గడిచింది. ఆ అన్వేషణలో ఆయన ఆరోగ్యాన్ని కోల్పోయారు. నమ్మిన మాటపై నిలబడినందుకు ఒకసారి చెరసాలకు కూడా వెళ్ళారు.

అంగూలేమ్ నుంచి మెజియేర్ వరకు

కూలుంబ్ 1736 జూన్ 14న ఫ్రాన్సు నైరుతి ప్రాంతంలోని అంగూలేమ్ పట్టణంలో జన్మించారు. తండ్రి హెన్రీ, తల్లి కేథరీన్. కుటుంబం పారిస్‌కు తరలివెళ్ళడంతో బాలుడికి మంచి విద్య లభించింది. మజరాన్ కళాశాలలో చదువుతున్న రోజుల్లోనే గణితం, ఖగోళశాస్త్రం ఆయనను ఆకర్షించాయి. కుమారుడు వైద్యుడు కావాలన్నది తల్లి కోరిక. కుమారుడి మనసు గణితంపై ఉంది. ఈ విషయంలో తల్లీకొడుకుల మధ్య తీవ్రమైన విభేదం ఏర్పడింది. అప్పటికే ఆర్థిక లావాదేవీల్లో నష్టపోయిన తండ్రి మోంపెలియే నగరానికి చేరుకున్నారు. కూలుంబ్ కూడా తండ్రి వద్దకు వెళ్ళి, 1757లో అక్కడి శాస్త్ర సంఘంలో చేరి తన తొలి వ్యాసాలు చదివారు.

శాస్త్రాధ్యయనం ఉల్లాసాన్ని ఇవ్వవచ్చు, జీవిక మాత్రం ఇవ్వదు. అందువల్ల ఆయన సైనిక ఇంజినీరు కావాలని నిశ్చయించుకుని, 1760లో మెజియేర్‌లోని రాయల్ ఇంజినీరింగ్ పాఠశాలలో ప్రవేశించారు. యూరప్‌లో ఆనాటి శ్రేష్ఠమైన సాంకేతిక విద్యాసంస్థల్లో అది ఒకటి. గణితాన్ని అక్కడ కోటలు, వంతెనలు, గోడల నిర్మాణానికి సాధనంగా బోధించేవారు. 1761 చివర్లో పట్టా పుచ్చుకున్న కూలుంబ్ మొదట బ్రెస్ట్ రేవులో ఉద్యోగం చేశారు. 1764లో ఆయనను అట్లాంటిక్ సముద్రానికి ఆవల ఉన్న మార్టినిక్ ద్వీపానికి పంపారు.

మార్టినిక్‌లో ఎనిమిదేళ్ళు

చెరకు తోటలపైన, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల శ్రమపైన నడుస్తున్న ఫ్రెంచి వలస ప్రాంతం మార్టినిక్. 1762లో ఆంగ్లేయులు దానిని ఆక్రమించుకున్నారు. మరుసటి సంవత్సరం కుదిరిన పారిస్ సంధి ప్రకారం అది తిరిగి ఫ్రాన్సుకు దక్కింది. మరోసారి చేజారకుండా ఉండాలంటే బలమైన కోట అవసరమైంది. ఆ విధంగా ఫోర్ట్ బూర్బన్ నిర్మాణ బాధ్యత ఇరవై ఎనిమిదేళ్ళ యువ ఇంజినీరు భుజాలపై పడింది.

ఉష్ణమండలపు వేడి, జ్వరాలు అక్కడికి వెళ్ళిన యూరోపియన్లను పీడించాయి. కూలుంబ్ పలుమార్లు తీవ్రంగా జబ్బుపడ్డారు. 1772లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది, ఆపై ఎన్నడూ పూర్తిగా కోలుకోలేదు. ఆ ఎనిమిదేళ్ళ అనుభవం మాత్రం వృథా కాలేదు. అంత వేడిలో మనిషి ఫ్రాన్సులో చేసే పనిలో సగం కూడా చేయలేడని ఆయన గమనించారు. మనుషుల శ్రమ, అలసటలపై తర్వాతి కాలంలో రాసిన ప్రబంధంలో ఈ పరిశీలన చోటు చేసుకుంది.

కోట కట్టేవారిని నిత్యం వేధించే సమస్య మట్టి. ఎత్తైన కట్టను ఆపి ఉంచడానికి గోడ కడతారు. వెనుక ఉన్న మట్టి ఆ గోడను నెడుతూనే ఉంటుంది. గోడ పలుచగా ఉంటే కూలుతుంది. మందంగా కడితే రాయి, సున్నం, శ్రమ వృథా అవుతాయి. ఎంత మందం సరిపోతుంది? పుస్తకాల్లోని సూత్రాలు వాస్తవ నిర్మాణాలకు సరిపోవడం లేదని కూలుంబ్ గ్రహించారు. ముందుగా తన సొంత అవసరం కోసమే లెక్కలు వేసుకున్నారు. వాటిని ప్రబంధంగా మలచి 1773లో పారిస్ శాస్త్ర అకాడమీ ముందు చదివారు. 1776లో అది అచ్చయింది.

అందులోని ఆలోచన ఎంతో సరళమైనది. గోడ వెనుక మట్టి విరిగి పడేటప్పుడు చీలిక ఆకారంలో ఒక ముద్ద విడిపోయి, లోపలి వాలు తలం వెంట కిందికి జారుతుంది. బరువు ఆ ముద్దను కిందికి లాగుతుంది. మట్టి రేణువుల మధ్య ఉన్న ఘర్షణ, అంటిపెట్టుకునే గుణం దానిని ఆపుతాయి. మట్టి ఏ తలం వెంట విరుగుతుందో ముందుగా తెలియదు. కాబట్టి సాధ్యమైన తలాలన్నింటిలో గోడపై అత్యధిక ఒత్తిడి కలిగించే దానిని గణితంతో కనుక్కోవాలి. ఆ ఒత్తిడికి తట్టుకునేలా గోడ కట్టాలి. కళ్ళంలో పోసిన ధాన్యపు రాశిని చూసినవారికి ఇందులోని మర్మం సులువుగా బోధపడుతుంది. పైనుంచి ఎంత ధాన్యం పోసినా రాశి పక్కల వాలు ఒక హద్దు దాటదు. ఆ హద్దును నిర్ణయించేది గింజకు గింజకు మధ్య ఉన్న ఘర్షణే.

రోష్‌ఫోర్ ఓడరేవులో

శాస్త్ర అకాడమీ 1777లో ఒక బహుమతి పోటీని ప్రకటించింది. ఘర్షణ నియమాలను, తాళ్ళ బిరుసుదనం వల్ల కలిగే ఫలితాలను కొత్త ప్రయోగాలతో నిర్ధారించాలన్నది విషయం. ఆ ప్రయోగాలు నౌకాదళంలో వాడే కప్పీలు, లంగరు తాళ్ళను చుట్టే యంత్రాలు, వాలు తలాలకు పనికివచ్చేంత పెద్ద స్థాయిలో జరగాలన్నది షరతు. 1779 నాటికి వచ్చిన రచనలేవీ సంతృప్తి కలిగించకపోవడంతో అకాడమీ గడువును 1781 వరకు పొడిగించి, బహుమతిని రెట్టింపు చేసింది.

సరిగ్గా ఆ సమయంలోనే, 1779లో, కూలుంబ్‌కు రోష్‌ఫోర్ నౌకాకేంద్రానికి బదిలీ అయింది. సమీపంలోని ఐల్ దెక్స్ ద్వీపంలో పూర్తిగా కొయ్యతో నిర్మించే కోట పనిలో సహకరించడం ఆయన అధికారిక విధి. ఓడల నిర్మాణశాలే ఆయనకు ప్రయోగశాల అయింది. బలమైన ఓక్ దూలాలు, బరువైన తూకపు రాళ్ళు, తాళ్ళు, కప్పీలు, పనిలో ఆరితేరిన కార్మికులు అక్కడ అందుబాటులో ఉన్నారు.

ఆయనకు ముందే ఈ దారిలో కొందరు నడిచారు. 15వ శతాబ్దం చివర లియొనార్డో డావిన్చీ ఘర్షణను పరిశీలించి తన నోటు పుస్తకాల్లో రాసుకున్నారు గాని, అవి ఆయన జీవితకాలంలో వెలుగు చూడలేదు. 1699లో గిలోమ్ అమోంటాన్స్ రెండు విషయాలను అకాడమీకి నివేదించారు. ఘర్షణ వస్తువుపై ఉన్న భారానికి అనులోమంగా ఉంటుంది. తాకే తలం వైశాల్యంపై అది ఆధారపడదు. రెండో మాటను విన్నవారు ఆశ్చర్యపోయారు. 18వ శతాబ్దం మధ్యలో లియొనార్డ్ ఆయిలర్, వాలు తలంపై వస్తువు కదలికను గణితపరంగా విశ్లేషించి, నిలిచి ఉన్నప్పటి ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ ఒకటి కావని చూపారు.

ఈ నియమాలకు విస్తృతమైన ప్రయోగాల బలాన్ని చేకూర్చినది కూలుంబ్. దృఢమైన బల్లపై ఒక పీటబండిని ఉంచి, దానిపై బరువులు పేర్చి, కప్పీ మీదుగా తాడుతో లాగించి, ఎంత బలానికి అది కదులుతుందో నమోదు చేశారు. భారాన్ని కొన్ని పదుల పౌండ్ల నుంచి రెండు వేల పౌండ్లకు పైగా మార్చి చూశారు. కొయ్యపై కొయ్య, కొయ్యపై లోహం, లోహంపై లోహం జారేటప్పుడు ఫలితం ఎలా మారుతుందో పరీక్షించారు. పొడిగా ఉన్న తలాలను, కొవ్వు పూసిన తలాలను పోల్చారు. వస్తువు ఎంతసేపు నిలిచి ఉన్నదో, ఎంత వేగంతో కదులుతున్నదో కూడా లెక్కలోకి తీసుకున్నారు.

తేలిన ఫలితాల్లో మూడు ముఖ్యమైనవి. అమోంటాన్స్ చెప్పినట్టుగా, భారం పెరిగితే ఘర్షణ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, తాకే వైశాల్యం ప్రభావం అత్యల్పం. పొడి తలాలపై జారుతున్న వస్తువు వేగం మారినా ఘర్షణ దాదాపు స్థిరంగానే ఉంటుంది. కొయ్య తలాలు కాసేపు కదలకుండా ఆని ఉంటే వాటిని కదిలించడానికి మరింత బలం కావాలి, లోహాల విషయంలో మాత్రం ఈ తేడా పెద్దగా కనిపించదు.

వాలు తలం చెప్పే పాఠం

ఈ ఫలితాల అర్థం వాలు తలంపై స్పష్టంగా తెలుస్తుంది. బల్లపై 10 కిలోల కొయ్య దిమ్మను ఉంచి, బల్ల ఒక చివరను మెల్లగా ఎత్తుతున్నామని భావిద్దాం. దిమ్మ బరువు సుమారు 98 న్యూటన్లు. అది ఎల్లప్పుడూ నిట్టనిలువుగా కిందికే పనిచేస్తుంది. బల్ల వాలినప్పుడు ఆ బరువును రెండు భాగాలుగా చూడవచ్చు. ఒక భాగం దిమ్మను బల్లకు అదిమిపెడుతుంది. రెండోది దానిని వాలు వెంట కిందికి లాగుతుంది. వాలు పెరిగే కొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది.

దిమ్మకు, బల్లకు మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. బల్ల 10 డిగ్రీలు వాలినప్పుడు దిమ్మను కిందికి లాగే బలం 17 న్యూటన్లు. తలం ఇవ్వగల గరిష్ఠ ఘర్షణ సుమారు 39 న్యూటన్లు. అలాగని అప్పుడు ఘర్షణ 39 న్యూటన్లు ఉంటుందా? ఉండదు. కిందికి లాగే బలం 17 అయితే దానిని ఆపే ఘర్షణ కూడా 17 మాత్రమే. అంతకన్నా ఎక్కువ ఉంటే దిమ్మ దానంతట అదే వాలు ఎక్కవలసి వస్తుంది. నిలిచి ఉన్న వస్తువుపై ఘర్షణ అవసరమైనంతే ఉంటుందని, గుణకంతో లెక్కించే విలువ దాని గరిష్ఠ హద్దు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఈ అధ్యాయంలో విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే.

వాలు దాదాపు 22 డిగ్రీలకు చేరినప్పుడు లాగే బలం, గరిష్ఠ ఘర్షణ సమానమవుతాయి. దానిని దాటితే దిమ్మ జారుతుంది. ఈ హద్దునే విరామ కోణం అంటారు. ఆ కోణం ట్యాంజెంట్ విలువే ఘర్షణ గుణకం. దిమ్మ 10 కిలోలది కాక 100 కిలోలదైనా కోణం మారదు. బరువు పదింతలైతే లాగే బలం, ఆపే బలం రెండూ పదింతలవుతాయి గనుక వాటి పోటీ ఫలితం అదే.

జారడం మొదలయ్యాక లెక్క మారుతుంది. గతిక ఘర్షణ గుణకం 0.3 మాత్రమే అనుకుంటే, 20 డిగ్రీల వాలుపై కదలక నిలిచి ఉన్న దిమ్మను కాస్త తట్టి కదిలించినా చాలు. అది మళ్ళీ ఆగదు, పైగా వేగం పుంజుకుంటుంది. నిర్మాణం పూర్తయిన ఓడను నీటిలోకి దింపడంలో ఉన్న చిక్కు ఇదే. నెలల తరబడి వాలు వేదికపై ఆని ఉన్న ఓడను కదిలించడం కష్టం. కదిలిన తర్వాత ఆపడం అంతకన్నా కష్టం. అందుకే వేదిక వాలును, పూసే కొవ్వును ముందుగానే లెక్క చూసుకోవాలి. రోష్‌ఫోర్ ప్రయోగాలను కూలుంబ్ ఈ సమస్యకు కూడా అన్వయించారు.

1781లో అకాడమీ బహుమతి ఆయనను వరించింది. ఆ సంవత్సరమే యంత్రశాస్త్ర విభాగంలో సభ్యత్వం లభించింది. సరళ యంత్రాల సిద్ధాంతం అనే ఆ రచన తర్వాతి తరాల ఇంజినీర్లకు ప్రామాణిక గ్రంథమైంది.

చెరసాలలో వారం రోజులు

పారిస్‌లో స్థిరపడిన కూలుంబ్‌ను ప్రభుత్వం అనేక నిర్మాణ పథకాలపై సలహా అడిగేది. బ్రిటనీ ప్రాంతంలో కాలువలు, రేవుల అభివృద్ధికి రూపొందించిన ప్రతిపాదనలను పరిశీలించే బాధ్యత 1783లో ఆయనకు అప్పగించారు. ప్రతిపాదనలు ఖర్చుకు తగిన ఫలితమివ్వవని ఆయన భావించారు. పలుకుబడి గలవారికి రుచించకపోయినా ఆ అభిప్రాయాన్ని దాచుకోలేదు. ఆ వివాదంలో చిక్కుకున్న ఆయన, అనుమతి లేకుండా విధులకు వెళ్ళారన్న సాకుపై 1783 నవంబరులో వారం రోజులు పారిస్‌లోని ఒక చెరసాలలో గడపవలసి వచ్చింది. విడుదలైన తర్వాత కూడా తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. చివరకు ఆయన చెప్పినదే సబబని బ్రిటనీ ప్రతినిధులు గుర్తించారని, వారు ఇవ్వజూపిన ధనాన్ని కాదని సెకన్లు చూపే గడియారాన్ని మాత్రం ఆయన స్వీకరించారని, ప్రయోగాల్లో దానినే వాడుకున్నారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు.

ఘర్షణ లేని తీగ

విద్యుత్ పరిశోధన ఈ జీవితంలో మరో కొత్త అధ్యాయంలా కనిపించవచ్చు గాని, దాని మూలం కూడా ఘర్షణలోనే ఉంది. నావికులు వాడే దిక్సూచిలో అయస్కాంత సూది ఒక మొనపై తిరుగుతుంది. ఆ మొన వద్ద ఉన్న ఘర్షణ సూక్ష్మమైన కదలికలను మింగివేస్తుంది. దిక్సూచి మెరుగుదలపై 1777లో అకాడమీ ఇచ్చిన బహుమతిని మరొక శాస్త్రవేత్తతో కలిసి పంచుకున్న కూలుంబ్, సూదిని సన్నని పట్టు దారంతో వేలాడదీయాలని సూచించారు. మొన లేకపోతే ఆ ఘర్షణ కూడా ఉండదు. మిగిలేది దారం మెలితిరిగేటప్పుడు ఎదురయ్యే అత్యల్ప నిరోధమే.

ఆ మెలిక బలాన్ని కొలవగలిగితే ఎంతటి చిన్న బలాన్నైనా కొలవవచ్చని ఆయన గ్రహించారు. లోహపు తీగల మెలికపై 1784లో వెలువరించిన పరిశోధన నుంచి మెలిక త్రాసు రూపుదిద్దుకుంది. 1785 నుంచి 1791 వరకు వెలువడిన ఏడు ప్రబంధాల్లో విద్యుత్, అయస్కాంత బలాల స్వభావాన్ని ఆయన నిరూపించారు. రెండు ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే వాటి మధ్య బలం నాలుగో వంతుకు తగ్గుతుందన్న నియమం వాటిలోనిదే. వేల పౌండ్ల బరువుల కింద ఘర్షణను కొలిచిన వ్యక్తి, దానిని తప్పించవలసిన చోట ఎలా తప్పించాలో కూడా తెలుసుకున్నారు.

విప్లవం, చివరి సంవత్సరాలు

ఫ్రెంచి విప్లవం ఆయన జీవితాన్ని కూడా కుదిపింది. 1791లో సైనిక ఇంజినీరింగ్ దళం నుంచి వైదొలగారు. 1793లో శాస్త్ర అకాడమీ రద్దయింది. ఆ ఏడాది డిసెంబరులో తూనికలు, కొలతల సంఘం నుంచి లవోయిజర్, లాప్లాస్, బోర్డా తదితరులతో పాటు కూలుంబ్‌ను కూడా తొలగించారు. తర్వాత కొద్ది నెలలకే, 1794 మేలో, లవోయిజర్ గిలటిన్‌కు బలయ్యారు. కూలుంబ్ తన మిత్రుడు బోర్డాతో కలిసి బ్లువా పట్టణ సమీపంలోని ఇంటికి వెళ్ళి, ఆ ప్రమాదకర కాలాన్ని అధ్యయనంలో గడిపారు.

1795లో కొత్తగా ఏర్పడిన ఫ్రాన్సు ఇన్‌స్టిట్యూట్ ఆయనను తిరిగి పారిస్‌కు రప్పించింది. 1802 నుంచి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా దేశంలో లిసే అనే ప్రభుత్వ ఉన్నత పాఠశాలల స్థాపనకు పాటుపడ్డారు. మార్టినిక్‌లో మొదలైన అనారోగ్యం ఆయనను వీడలేదు. 1806 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశారు. ఐఫిల్ టవర్‌పై చెక్కిన 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లలో ఆయన పేరు కూడా ఉంది.

నేటికీ నిలిచిన లెక్క

ఘర్షణ ఎందుకు కలుగుతుందన్న విషయంలో కూలుంబ్ ఊహ పూర్తిగా నిలవలేదు. తలాలపై ఉన్న గరుకులు బ్రష్షు కుచ్చుల వలె ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయని ఆయన భావించారు. 20వ శతాబ్దం మధ్యలో బౌడెన్, టేబర్ జరిపిన పరిశోధనలు వేరే చిత్రాన్ని చూపాయి. నున్నగా కనిపించే తలాలు నిజానికి అతి కొద్ది చోట్ల మాత్రమే తాకుతాయి. భారం పెరిగితే ఆ నిజమైన తాకిడి వైశాల్యం కూడా పెరుగుతుంది. కంటికి కనిపించే వైశాల్యంతో ఘర్షణకు సంబంధం లేకపోవడానికి కారణం ఇదే. వివరణ మారినా కూలుంబ్ కొలతలు చెక్కుచెదరలేదు.

నేడు మన దేశంలో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివే విద్యార్థి వాలు తలంపై దిమ్మ బొమ్మ గీసి బాణాలు గుర్తించినప్పుడు రోష్‌ఫోర్ ప్రయోగాల సారాన్నే చదువుతున్నాడు. ఆనకట్ట, రహదారి కట్ట, లోతైన పునాది నిర్మించే సివిల్ ఇంజినీరు మట్టి బలాన్ని లెక్కించడానికి 1773 నాటి ఆలోచననే విస్తరించి వాడుతున్నారు. హిమాలయాల్లో, పశ్చిమ కనుమల్లో భారీ వర్షాలకు కొండచరియలు విరిగిపడడం వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. లోపలికి ఇంకిన నీరు మట్టి రేణువులను విడదీసేలా ఒత్తిడి కలిగిస్తుంది. రేణువుల మధ్య అదిమే బలం తగ్గడంతో ఘర్షణ తగ్గుతుంది. అంతవరకు నిలిచిన వాలు జారిపోతుంది.

స్వతంత్ర భారతదేశంలో నిర్మాణం పూర్తి చేసుకున్న తొలి పెద్ద నౌక జలఉషకు 1948 మార్చి 14న విశాఖపట్నంలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ ఓడ సముద్రాన్ని చేరిన దారి కూడా ఒక వాలు తలమే. నిలిచి ఉన్న భారం కదలడానికి ఎంత బలం కావాలి, కదిలిన తర్వాత దానిని ఆపేది ఎంత అన్న ప్రశ్నలు విశాఖలోనూ రోష్‌ఫోర్‌లోనూ ఒకటే. వాటికి ఊహతో కాక, అసలైన దూలాలపై అసలైన బరువులు పేర్చి జవాబు చెప్పినవారు కూలుంబ్.